పొద్దున ఆకుపచ్చ, దారిలో ఎరుపు: క్యారవాన్ స్టెబిలిటీ లైటు గొడవ

శ్రీను_రెడింగ్ | శనివారం, రాత్రి 10:15

అందరికీ నమస్తే. టెన్షన్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మాది నాలుగు పడకల సింగిల్ యాక్సిల్ క్యారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, వ్యాన్ అన్నా అదే), 2016 మోడల్. పోయిన ఏడాది ఒక పెద్దాయన దగ్గర కొన్నాం. లాగేది 2019 డీజిల్ ఎస్‌యూవీ. వ్యాన్‌లో ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ సిస్టం ఉంది, వెనక వ్యాన్ అటూ ఇటూ ఊగితే దానంతటదే బ్రేకు వేసి సర్దేది. కంపెనీ పేరు రాయను, తప్పు దానిదో కాదో ఇంకా తేలలేదు కదా. ముందు ఏ-ఫ్రేం (వ్యాన్‌ని కారుకి కలిపే ముందు చట్రం) మీద చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. కారుకి ప్లగ్ పెట్టగానే కింద మోటారు ఒకసారి గుర్రుమని తిరుగుతుంది. తర్వాత లైటు ఆకుపచ్చగా వెలిగితే అంతా బాగున్నట్టు. ఎర్రగా వెలిగితే సిస్టం పని చేయట్లేదని.

ఇవాళ పొద్దున వేల్స్‌లోని టెన్‌బీకి బయల్దేరాం. ఇంటి దగ్గర ఆకుపచ్చే. ఎం4 మోటార్‌వే మీద మెంబరీ సర్వీసెస్‌లో (దారి పక్క ఆగే చోటు) టీకి ఆగి చూస్తే ఎరుపు. ప్లగ్ తీసి మళ్ళీ పెట్టా, గుర్రుమంది, ఆకుపచ్చ. హమ్మయ్య అనుకున్నా. లీ డెలమేర్‌లో ఆగి చూస్తే మళ్ళీ ఎరుపు. అక్కడి నుంచి ఇంకాస్త వెళ్తే సెవర్న్ నది మీద ఆ పెద్ద వంతెన, పైగా గాలి గట్టిగా వీస్తోందని బోర్డులు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ళ మధ్య మా అత్తగారు. ధైర్యం చాల్లేదు. తర్వాతి జంక్షన్లో దిగి వెనక్కి వచ్చేశా. అత్తగారు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. అదే భయం.

ఒక వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే, వ్యాన్ చూడకుండానే "యూనిట్ పోయింది, మొత్తం మార్చాలి, వెయ్యి పౌండ్ల పైమాటే" అన్నారు. నిజమేనా? మార్చేముందు నేను చూసుకోగలిగినవి ఏమన్నా ఉన్నాయా?

నరేష్_స్లౌ | శనివారం, రాత్రి 10:32

శ్రీనన్నా, నాదీ అలాంటిదే, ఇంతవరకు ఏ గొడవా లేదు. ఆకుపచ్చ వెలిగితే చాలు, నేను 70లో పోతా. ఒకసారి బ్యాటరీ తీసి పెట్టి చూడు, నా ల్యాప్‌టాప్‌కి అలాగే చేస్తా.

లీడ్స్_లక్ష్మి | శనివారం, రాత్రి 10:50

నరేష్, నువ్వు ఇది పబ్లిగ్గా రాశావు, చూసుకో. వెనక క్యారవాన్ ఉంటే మోటార్‌వే మీద 60 మైళ్ళే. సింగిల్ క్యారేజ్‌వే మీద 50. మూడు లేన్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట కుడి చివరి లేన్లోకి రాకూడదు. సిస్టం ఉందని రూలు మారదు.

శ్రీను గారూ, వెనక్కి రావడం మంచి పనే చేశారు. ఒక్క ప్రశ్న. దారిలో ఊగిసలాట ఏమన్నా తెలిసిందా? స్టీరింగు తేలికైనట్టు, వెనక నుంచి ఎవరో కారుని అటూ ఇటూ ఊపుతున్నట్టు?

శ్రీను_రెడింగ్ | శనివారం, రాత్రి 10:58

లేదండీ లక్ష్మి గారూ, బండి నిక్కచ్చిగా వచ్చింది. లైటే తేడా.

కార్డిఫ్_కిరణ్ | శనివారం, రాత్రి 11:20

ఇంత రాద్ధాంతం అవసరమా? ఈ సిస్టములు రాకముందు జనం క్యారవాన్లు లాగలేదా? దాని వైరు పీకేసి హాయిగా టెన్‌బీ వెళ్ళు. చట్టప్రకారం ఇది ఉండి తీరాలని ఎక్కడా లేదు.

డెర్బీ_ప్రియ | ఆదివారం, ఉదయం 8:05

కిరణ్ గారూ, ఉండి తీరాలని లేదన్నది నిజమే. వ్యాన్ మామూలు బ్రేకులు దీనితో సంబంధం లేకుండా పని చేస్తాయి. కారు నెమ్మదించినప్పుడు వ్యాన్ ముందుకి తోస్తుంది. ఆ తోపుడుకి ముందున్న షాఫ్టు లోపలికి జరిగి బ్రేకు రాడ్డుని లాగుతుంది. అంతా మెకానికల్. స్టెబిలిటీ సిస్టం అదే రాడ్డుని మోటారుతో లాగుతుంది, అంతే తేడా. లోపల పక్కవాటు కుదుపుని కొలిచే సెన్సారు ఉంటుంది. ఊగడం ఒక హద్దు దాటితే డ్రైవరు ఏమీ చేయకుండానే వ్యాన్ చక్రాలకి బ్రేకు పడుతుంది. వెనక నుంచి లాగినట్టై బండి వరసలోకి వస్తుంది. తోకపట్టి లాగితే పాము తిన్నగా అయినట్టు.

కానీ వైరు పీకితే ఎరుపు ఎందుకొచ్చిందో ఎప్పటికీ తెలీదు. ఒకవేళ మోటారు రాడ్డుని సగం లాగి అక్కడే ఇరుక్కుపోయి ఉంటే బ్రేకులు రాసుకుంటూ పోతాయి. శ్రీను గారూ, సర్వీసెస్‌లో ఆగినప్పుడు చక్రాల దగ్గర వేడి గానీ కాలిన వాసన గానీ ఉందా?

పని చేస్తున్నది కార్ల ఎలక్ట్రానిక్స్‌లోనే కాబట్టి నా అనుమానం చెప్తా. ఈ సిస్టానికి కరెంటు వచ్చేది కారు నుంచి, 13 పిన్నుల ప్లగ్గులో 9వ పిన్ను ద్వారా. అది ఎప్పుడూ ఉండే 12 వోల్టులు. దాని ఎర్త్ (కరెంటు వెనక్కి వెళ్ళే నెగెటివ్ దారి) 13వ పిన్ను. ఫ్రిజ్‌కి వెళ్ళేది 10వ పిన్ను, ఇంజన్ నడుస్తున్నప్పుడే వస్తుంది. దాని ఎర్త్ 11. లైట్లకీ ఇండికేటర్లకీ ఎర్త్ 3వ పిన్ను. యూనిట్ మీద పడేముందు 9, 13 పిన్నుల మధ్య వోల్టేజీ చూడండి.

శ్రీను_రెడింగ్ | ఆదివారం, ఉదయం 9:30

ప్రియ గారూ, వేడీ లేదు, వాసనా లేదు. చెయ్యి దగ్గరగా పెట్టి చూశా, రెండు చక్రాలూ ఒకేలా ఉన్నాయి.

ఇప్పుడే మీటరు పెట్టి చూశా. కారు సాకెట్‌లో 9కీ 13కీ మధ్య 12.7 వోల్టులు. బాగానే ఉంది కదా. అయితే యూనిట్టే పోయినట్టా?

ఆటోనగర్_బాబాయ్ | ఆదివారం, ఉదయం 9:52

అబ్బాయ్ శీనూ, నేను బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నా. మా అబ్బాయి అక్కడ బర్మింగ్‌హామ్‌లో ఉన్నాడు, వాడి కోసం ఈ గ్రూపులో చేరా. క్యారవాన్ ఎప్పుడూ చూడలేదు. కానీ నువ్వు చెప్పేది మాకు రోజూ వచ్చే ట్రాక్టరు ట్రక్కు గొడవే. వెనక లైటు వెలగదు, మీటరు పెడితే 12 చూపిస్తుంది, కుర్రాడు బల్బు మార్చు, స్విచ్చు మార్చు అంటాడు. ఎర్తు తుప్పు పట్టి ఉంటుంది.

మీటరు కరెంటు తాగదు. వెంట్రుకంత వైరు మిగిలినా 12.7 చూపిస్తుంది. బరువు పెట్టి చూడాలి. పాత హెడ్‌లైటు బల్బు ఒకటి తీసుకో, 55 వాట్లది. రెండు వైర్లు కట్టి అదే 9కీ 13కీ మధ్య పెట్టు, వెలుగుతుండగా మీటరు చూడు. ఒక్క వోల్టు కన్నా ఎక్కువ పడితే కారు వైపు రోగం. పడకపోతే కారు మంచిదే, వ్యాను వైపు చూడు.

నరేష్_స్లౌ | ఆదివారం, ఉదయం 10:01

బాబాయ్ ఎంట్రీ అదిరింది.

శ్రీను_రెడింగ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

బల్బు టెస్టు చేశా బాబాయ్. కారు సాకెట్‌లో బల్బు వెలుగుతుంటే 12.4. అంటే కారు మంచిదేగా?

ఇంకో విచిత్రం. ప్లగ్ పెట్టి ఇంజన్ ఆపి గంటన్నర వదిలేశా. ఆకుపచ్చ అలాగే ఉంది. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి అరగంట పైగా ఉంచా, పక్కింటాయన కిటికీలోంచి చూస్తున్నాడు, ఏం చేస్తాం. నలభయ్యో నిమిషంలో నా కళ్ళ ముందే ఎరుపైంది! కదలకుండా నిలబడి ఉన్న బండి. గతుకులూ లేవు, గాలీ లేదు.

డెర్బీ_ప్రియ | ఆదివారం, మధ్యాహ్నం 12:55

చాలా మంచి క్లూ ఇచ్చారు! ఇంజన్ ఉంటేనే వస్తోంది, అదీ ఆలస్యంగా. ఇంజన్ స్టార్ట్ చేస్తే వ్యాన్‌కి కొత్తగా వెళ్ళేది ఏంటి? 10వ పిన్ను. దాని మీద ఏముంది? ఫ్రిజ్. మీ ఫ్రిజ్ 12 వోల్టుల మీద పెట్టి ఉందా?

శ్రీను_రెడింగ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:58

ఉంది. నిన్న ప్రయాణంలో కూడా ఉంది. పెరుగు, ఇడ్లీ పిండి అందులోనే.

డెర్బీ_ప్రియ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఫ్రిజ్ ఆపి అదే టెస్టు మళ్ళీ చేయండి. పక్కింటాయనకి ఒక చాక్లెట్ డబ్బా ఇచ్చి.

శ్రీను_రెడింగ్ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

గంట దాటింది. ఆకుపచ్చ. ఫ్రిజ్ ఆన్ చేశా, ఐదు నిమిషాల్లో ఎరుపు. ప్లగ్ తీసి, ఫ్రిజ్ ఆపి, మళ్ళీ పెట్టా. ఆకుపచ్చ.

ఫ్రిజ్‌కీ స్టెబిలిటీ సిస్టానికీ ఏంటండీ సంబంధం?

కార్డిఫ్_కిరణ్ | ఆదివారం, మధ్యాహ్నం 3:11

ఇంకేం, ఫ్రిజ్ ఆపేసుకుని వెళ్ళిపో. ఇడ్లీ పిండికి ఐస్ బాక్సు కొనుక్కో. సమస్య తీరింది.

ఆటోనగర్_బాబాయ్ | ఆదివారం, మధ్యాహ్నం 3:30

కిరణ్ బాబూ, అలా వదిలేస్తే రేపు ఊగినప్పుడు మోటారు రాడ్డు లాగాలంటే దానికీ బోలెడు కరెంటు కావాలిగా. ఇప్పుడు ఫ్రిజ్ తాగుతున్న కరెంటుకే దారి ఇరుకైపోతే, మోటారు లాగే టైముకి ఎక్కడి నుంచి వస్తుంది? లైటు ఆకుపచ్చగా ఉండి అసలు పని టైముకి చేతులెత్తేస్తే మరీ ప్రమాదం.

శీనూ, రెండిటికీ ఎక్కడో ఒకే ఎర్తు దొరికింది. ఇప్పుడు ఇలా చెయ్యి. పొడుగు వైరు ఒకటి తీసుకో. ఒక చివర కారు బ్యాటరీ నెగెటివ్‌కి కట్టు. రెండో చివర మీటరు నల్ల తీగకి. మీటరు ఎర్ర తీగ వ్యాను లోపల, స్టెబిలిటీ డబ్బాకి వెళ్ళే ఎర్తు దగ్గర పెట్టు. ఫ్రిజ్ ఆఫ్‌లో ఎంత, ఆన్‌లో ఎంత, చెప్పు. ఎర్తు మంచిదైతే సున్నాకి దగ్గర్లో ఉండాలి.

లీడ్స్_లక్ష్మి | ఆదివారం, మధ్యాహ్నం 3:48

శ్రీను గారు వైరు వెతుక్కునే లోపు నా కథ ఒకటి చెప్తా. "ఇది లేకపోతే ఏమైంది" అనే వాళ్ళ కోసం.

నాలుగేళ్ళ కిందట ఎం5 మీద, దిగుడు దారి, 60కి దగ్గర్లో ఉన్నాం. పక్కన ఒక కోచ్ బస్సు దాటింది. పెద్ద బండి దగ్గరకొచ్చేటప్పుడు దాని ముందు గాలి మనల్ని అవతలికి తోస్తుంది, దాటేటప్పుడు లోపలికి పీలుస్తుంది. అదంతా మామూలే. కానీ ఆ రోజు తోపు, పీల్పు అయ్యాక వ్యాన్ ఊగడం ఆగలేదు. ప్రతి ఊపూ ముందు దానికన్నా పెద్దది. అద్దంలో వ్యాన్ ఒకసారి ఎడమ పక్క కనిపిస్తోంది, ఒకసారి కుడి పక్క. మా ఆయన బ్రేకు మీద కాలు వేయబోతే "వద్దు" అని అరిచా. గట్టిగా బ్రేకు కొట్టకూడదు, యాక్సిలరేటరు వదిలి మెల్లగా తగ్గించాలి, ఇక్కడి హైవే కోడ్‌లో 98వ రూలు కూడా అదే. స్టీరింగు తిన్నగా పట్టుకుని కాలు తీసేశారు. అప్పుడు వెనక ఎవరో కొంగు పట్టి లాగినట్టు ఒక్క గుంజు. రెండు మూడు సెకన్లలో వ్యాన్ మౌనంగా వెనక వచ్చేసింది. అది సిస్టం పని.

ఆ తర్వాత సర్వీసెస్‌లో లోపలికెళ్ళి చూసుకుంటే మా తెలివి బయటపడింది. వ్యాన్ వెనక బాత్‌రూంలో వెట్ గ్రైండరు, 10 కిలోల బియ్యం బస్తాలు రెండు, పచ్చళ్ళ జాడీలు, దాని పక్కన నిండు నీళ్ళ క్యాను. బరువంతా తోకలో. కారు వెనక వ్యాన్ తగిలించే గుండు, అదే టో బాల్, దాని మీద పడాల్సిన ముందు బరువు కొలిస్తే 40 కిలోలే. అదంతా యాక్సిల్ పైకి, వ్యాన్ లోపలి నేల మీదకి మార్చాక 80కి వచ్చింది. అప్పటి నుంచి ఊగలేదు. సాధారణంగా నిండు వ్యాన్ బరువులో 5 నుంచి 7 శాతం ముందు పడాలంటారు. అయితే కారుకి, టోబార్‌కి (ఆ బాల్ బిగించే కడ్డీ) ఉన్న హద్దు దాటకూడదు.

సిస్టం మమ్మల్ని కాపాడింది, నిజమే. కానీ ఆ పరిస్థితి తెచ్చింది మా గ్రైండరు.

నరేష్_స్లౌ | ఆదివారం, సాయంత్రం 4:02

అక్కా, మా గ్రైండరు కూడా వెనకే ఉంది. ఇప్పుడే వెళ్ళి తీసేస్తున్నా. 70 సంగతి కూడా మర్చిపోండి.

అన్నట్టు నా యూకే లైసెన్సు 2012ది. దీన్ని లాగడానికి వేరే టెస్టు కావాలని ఎవరో భయపెట్టారు.

లీడ్స్_లక్ష్మి | ఆదివారం, సాయంత్రం 4:09

ఒకప్పుడు ఉండేది. 2021 డిసెంబరు 16 నుంచి గ్రేట్ బ్రిటన్‌లో మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా ట్రెయిలరు లాగొచ్చు. కానీ నీ కారు ఎంత లాగగలదన్నది వేరే, హ్యాండ్‌బుక్ చూసుకో. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వ్యాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటకుండా చూసుకోమని చెప్తారు. అది చట్టం కాదు, సలహా.

శ్రీను_రెడింగ్ | ఆదివారం, రాత్రి 7:25

బాబాయ్, దొరికినట్టుంది!

ముందు లాకరులో ప్లగ్ కేబుల్ వచ్చి కలిసే చిన్న కనెక్షన్ డబ్బా ఉంది. అక్కడ 13వ పిన్ను వైరు మీద కొలిచా. మా వ్యాన్‌లో అది తెలుపు మీద ఎర్ర గీత.

ఫ్రిజ్ ఆఫ్: 0.05 వోల్టులు.
ఫ్రిజ్ ఆన్: 1.9 వోల్టులు.

1.9! ఫ్రిజ్ వైరు కూడా కాదది.

ఆటోనగర్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 7:31

ప్లగ్గు విప్పు.

శ్రీను_రెడింగ్ | ఆదివారం, రాత్రి 8:20

విప్పా.

13వ పిన్ను స్క్రూ వదులు, వైరు ఆనవాలుకి ఉంది, రాగి అంతా పచ్చగా పొడైపోయింది. ఎవరో, బహుశా పాత యజమానే, దాన్ని బాగుచేయకుండా 13 నుంచి 11కి చిన్న వైరు ముక్క కట్టేశాడు. 11వ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి కొంచెం కరిగింది. చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నా. పిల్లలని పెట్టుకుని దీనితోనా తిరిగింది!

డెర్బీ_ప్రియ | ఆదివారం, రాత్రి 8:45

ఇప్పుడు లెక్క సరిపోయింది. ఈ ఎర్త్‌లు ట్రెయిలరు వైపు ఒకదానితో ఒకటి కలపకూడదని 13 పిన్నుల ప్లగ్గు ప్రమాణంలోనే ఉంది. ఇందుకే.

గ్యాస్, కరెంటు రెండిటి మీదా నడిచే ఈ ఫ్రిజ్‌లు 12 వోల్టుల మీద దగ్గర దగ్గర 12 ఆంపియర్లు తాగుతాయి. తుప్పు పట్టిన పిన్నులో 0.15 ఓముల అడ్డు ఉన్నా చాలు, 12 ఇంటూ 0.15 అంటే 1.8 వోల్టులు అక్కడే పోతాయి. వాట్లలో చెప్పాలంటే 20కి పైన. చిటికెన వేలంత పిన్నులో ఒక చిన్న టంకం కడ్డీ పెట్టినట్టు. ప్లాస్టిక్ కరగదా మరి. జంపరు కట్టడం వల్ల స్టెబిలిటీ యూనిట్ ఎర్త్ కూడా ఆ కాలుతున్న పిన్ను మీదుగానే వెళ్తోంది. ఫ్రిజ్ తాగే కరెంటుకి యూనిట్ దగ్గర వోల్టేజీ రెండు వోల్టులు కుంగిపోతోంది.

మరి ఆలస్యం ఎందుకు? మీ కారుది స్మార్ట్ ఆల్టర్నేటరు (అవసరాన్ని బట్టి వోల్టేజీ మార్చే కరెంటు జనరేటరు) అయ్యుంటుంది. స్టార్ట్ చేసిన కొత్తలో బ్యాటరీ నింపడానికి 14 పైన ఇస్తుంది. రెండు పోయినా యూనిట్‌కి 12 పైన మిగులుతుంది. బ్యాటరీ నిండాక డీజిల్ ఆదా కోసం 12.5 దాకా దించేస్తుంది. అందులో రెండు తీసేస్తే పదిన్నర. యూనిట్ "నాకు చాలదు" అని ఎరుపు చూపించింది. ఎంత నిజాయితీగా చెప్పిందో చూడండి, మనం దాన్నే మార్చబోయాం.

ఇంటి దగ్గర ఎప్పుడూ ఆకుపచ్చ ఎందుకంటే, ఇంజన్ ఆపితే 10వ పిన్ను చచ్చిపోతుంది, ఫ్రిజ్ తాగదు.

కార్డిఫ్_కిరణ్ | ఆదివారం, రాత్రి 9:02

సరే, ఒప్పుకుంటున్నా. ఫ్రిజ్ ఆపి వెళ్ళమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. నా ప్లగ్ కూడా రేపు విప్పి చూస్తా.

ఆటోనగర్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 9:10

జంపరు కట్టినోడిని తిట్టకు శీనూ. దారిలో చీకట్లో ఆగిపోయి కట్టుంటాడు, ఇంటికెళ్ళాక చేద్దాంలే అనుకుని మర్చిపోయుంటాడు. మా దగ్గరకొచ్చే బళ్ళలో సగం అవే.

కొత్త ప్లగ్గు వేసేటప్పుడు: వైరు చివర పచ్చబడ్డ రాగి ఎంతవరకు ఉందో అంతా కత్తిరించెయ్. తళతళలాడే రాగి వచ్చేదాకా వెనక్కి పో. దొరికితే ప్రతి చివరకీ ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడుగు, స్క్రూ కింద పోగులు తెగవు. స్క్రూలు బిగించాక ప్రతి వైరునీ ఒకసారి లాగి చూడు. ఎర్తులు మూడూ వేరువేరుగా. ప్లగ్గు వెనక కేబుల్‌ని పట్టి ఉంచే క్లాంపు బిగించడం మర్చిపోకు, లేకపోతే మూల తిరిగినప్పుడల్లా లాగుడు స్క్రూల మీద పడుతుంది. కారు సాకెట్ లోపల 11వ గుంట కూడా చూడు, అటువైపు కూడా కాలి ఉంటే కొత్త ప్లగ్గుని అదే తినేస్తుంది.

శ్రీను_రెడింగ్ | మంగళవారం, రాత్రి 9:40

సోమవారం కొత్త ప్లగ్ తెచ్చా. పాతిక పౌండ్ల లోపే అయింది. పదమూడు వైర్లు అనుకుంటాం గానీ ఫెర్రూళ్ళతో సహా మూడు గంటలు పట్టింది. రెండు సార్లు కవరు వేయకుండానే కట్టేశా, మళ్ళీ విప్పా. నవ్వకండి.

కారు సాకెట్‌లో 11 కొద్దిగా నల్లబడి ఉంది. బాబాయ్ మాట విని అది కూడా మార్పించా. మా కారుకి టోబార్ వైరింగు కారు కంప్యూటరుతో కలిపి ఉంది కాబట్టి అది నేను ముట్టుకోలేదు, తెలిసినాయనతో చేయించా.

కొత్త కొలతలు. 13వ వైరు మీద ఫ్రిజ్ ఆఫ్‌లో 0.03, ఫ్రిజ్ ఆన్‌లో కూడా 0.03. ఫ్రిజ్ సొంత ఎర్త్ మీద 0.5, అంత పొడుగు కేబుల్‌కి అది మామూలేనని ప్రియ గారు మెసేజ్‌లో చెప్పారు. ఇంజన్ గంటంబావు నడిపా. ఆకుపచ్చ!

పనిలో పని, మొబైల్ సర్వీస్ మెకానిక్‌ని కూడా పిలిచా. బ్రేకులు చాలా వదులుగా ఉన్నాయన్నాడు. హ్యాండ్‌బ్రేక్ లివరు దాదాపు నిలువుగా లేస్తోంది, నాకది మామూలే అనిపించేది. రెండు డ్రమ్ములూ విప్పి శుభ్రం చేసి, చక్రాల దగ్గర ముందు సర్ది, ఆ తర్వాతే రాడ్డు సర్దాడు. బ్రేకులు వదులైతే సిస్టం రాడ్డుని ఎంత లాగినా చక్రం దాకా పట్టు రాదట. అంటే ఇన్నాళ్ళూ ఆకుపచ్చ లైటు చూసి నేను పొందిన ధైర్యంలో సగం ఉత్తదే.

లీడ్స్_లక్ష్మి | మంగళవారం, రాత్రి 10:05

బ్రేకుల మాట బాగా పట్టుకున్నారు. ఇంకొకటి. మీ హిచ్‌లో (వ్యాన్ ముందు ఉండే, బాల్ మీద కూర్చునే కొక్కెం) బాల్‌ని పట్టుకునే రాపిడి ప్యాడ్లు ఉంటే, టో బాల్ మీద గ్రీజు, పెయింటు ఏవీ ఉండకూడదు. కొత్త టోబార్ బాల్ మీద నల్ల పెయింటు వస్తుంది, దాన్ని గీకి ఒట్టి లోహం తేవాలి. చాలామంది మంచిదని గ్రీజు పూస్తారు. ప్యాడ్లు పాడైపోతాయి. టైర్ల తారీఖు కూడా చూడండి, క్యారవాన్ టైర్లు అరిగిపోయి కాదు, నిలబడే ముసలివవుతాయి.

నరేష్_స్లౌ | మంగళవారం, రాత్రి 10:12

అక్కా, నేను పోయిన వారమే బాల్‌కి గ్రీజు పూశా. ఏం చెయ్యను?

లీడ్స్_లక్ష్మి | మంగళవారం, రాత్రి 10:15

ముందు బాల్‌ని డీగ్రీసరుతో తుడువు. ప్యాడ్లకి అంటిందేమో చూడు. గ్రీజు పీల్చుకుని ఉంటే మార్చాల్సిందే.

శ్రీను_రెడింగ్ | తర్వాతి ఆదివారం, రాత్రి 8:30

టెన్‌బీ నుంచి రాస్తున్నా!

మెంబరీ, లీ డెలమేర్, వంతెన దాటాక మేగర్, మూడు చోట్లా ఆగి చూశా. ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ. నిజానికి ఆగాల్సిన అవసరం కూడా లేదు. రివర్స్ కెమెరా పెడితే ఏ-ఫ్రేం మీద ఆ లైటు తెర మీద కనిపిస్తుందని మా పెద్దోడు కనిపెట్టాడు. లైటు చూడటం వాడి పని, నేను రోడ్డు చూసుకున్నా. ఫ్రిజ్ దారంతా 12 మీదే. ఇడ్లీ పిండి పులవలేదు. అత్తగారు వంతెన మీద మాట్లాడారు. "ఇదేనా మొన్న నువ్వు భయపడింది" అని.

బాబాయ్ గారికీ, ప్రియ గారికీ, లక్ష్మి గారికీ చాలా థ్యాంక్స్.

ఆటోనగర్_బాబాయ్ | సోమవారం, ఉదయం 6:10

సంతోషం అబ్బాయ్. ఆ పాత ప్లగ్గు పారేయకుండా ఫోటో పెట్టు, కరిగిన వైపు కనపడేలా. షాపులో కుర్రాళ్ళకి చూపించాలి.

శ్రీను_రెడింగ్ | సోమవారం, ఉదయం 9:00

అయ్యో బాబాయ్, దాన్ని మంగళవారమే బిన్‌లో వేశా, గురువారం బండి వచ్చి తీసుకెళ్ళిపోయింది. జంపరు వైరు ముక్క మాత్రం డాష్‌బోర్డు అరలో ఉంది. దాని ఫోటో పెడతా.